వెనకవైపు ఫిర్యాదులు

లిఫ్టాయన తొమ్మిదేళ్లు రాసి నవల ముగించాడు. నాలుగు వందల పన్నెండు పేజీలు. అందులో ఒక మనిషి కొండెక్కుతాడు, అంతే. ప్రతి మలుపు దగ్గరా ఆగి ఆలోచిస్తాడు. మలుపులు డెబ్బై ఆరు.

ఆయన్ని లిఫ్టాయన అనడానికి కారణం ఉంది. లిఫ్టులు బిగించి బాగుచేసే కంపెనీలో ఇరవై ఎనిమిదేళ్లుగా ఫిర్యాదుల గుమాస్తా. లిఫ్టు ఆగిందని జనం ఫారం నింపి పంపుతారు. ఆయన దాని మీద గుండ్రటి ముద్ర కొట్టి, మెకానిక్కి చీటీ పంపి, ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది’ అని అచ్చేసిన కార్డు మీద సంతకం పెట్టి పోస్టులో పడేస్తాడు. ఊళ్లో అంతమందిని పైకి పంపించి, ఒక్క కేసు కూడా లేని మనిషి ఆయనొక్కడే. తాను మాత్రం కింది అంతస్తులో, అదే కుర్చీలో ఉండిపోయాడు.

చిత్తుప్రతి సిద్ధమైంది గనక దాన్ని చిత్తు చేసేవాళ్లు కావాలి. ఆయన ముగ్గుర్ని ఎంచుకున్నాడు: భార్య, ఆఫీసులో పాత మెకానిక్, అక్క. భార్య ఇంట్లోనే ఉంటుంది గనక తప్పించుకోలేదు. మెకానిక్ ఎదురుగా కూర్చుంటాడు గనక తప్పించుకోలేడు. అక్క సంగతి వేరు.

అక్క లెక్కల టీచరుగా చేసి రిటైరైంది. ఆయన ఏడో తరగతి చదివిన ఏడాది ఆ తరగతికి ఆవిడే లెక్కలు చెప్పింది, పరీక్ష పేపర్లూ ఆవిడే దిద్దింది. సొంత తమ్ముడికి ముప్ఫై నాలుగు వేసింది. పాసు ముప్ఫై అయిదు. ఒక్క మార్కు కలపమని నాన్న అడిగితే, "కలిపితే లెక్క తప్పుతుంది" అంది. కొన్నాళ్లకి నాన్న ఆ పేపరు తెప్పించి చూస్తే, ఆఖరి కాగితం వెనకవైపు ఒక లెక్క ఉంది. రైటు లెక్క. అక్క కాగితం తిప్పలేదు. అప్పటికి బడి తెరిచి రెండు నెలలైంది, ఆయన అదే తరగతిలో అదే బెంచీ మీద రెండో ఏడు మొదలుపెట్టేశాడు.

ఆనాటి నుంచి అక్క తన చేతికొచ్చిన ప్రతి కాగితాన్నీ తిప్పి చూస్తుంది. కరెంటు బిల్లు, మందుల చీటీ, పొట్లం కట్టిన పేపరు, గోడ మీద క్యాలెండరు, ఏదైనా సరే. తమ్ముడు కూడా తక్కువవాడు కాదు. అక్కతో ఏ తగువొచ్చినా చివర్లో, "నీకేం, నువ్వు పేజీ తిప్పవుగా" అని ముగిస్తాడు. నలభై ఏళ్లుగా ఆ ఒక్క మార్కు ఇద్దరి మధ్యా నలుగుతూనే ఉంది.

అందుకే ఆయన భార్యతో తేల్చి చెప్పాడు. "అక్క పాసు మార్కు వేస్తేనే అచ్చుకి పంపుతాను. లేకపోతే అటక మీద పడేస్తాను. ఇంకో నవల రాసే ఓపిక నాకు లేదు."

"అటక మీద చోటు లేదు," అంది ఆవిడ. "పాసవండి."

కొన్న కాగితాలు రెండు ప్రతులకి సరిపోయాయి. మూడోదానికి లేవు. ఆఫీసులో పాత ఫిర్యాదు ఫారాల్ని చెత్తలో వేస్తుంటే చిత్తు కాగితాలుగా పనికొస్తాయని తెచ్చుకున్న కట్ట ఒకటి మంచం కింద ఉంది. ఒకవైపు ఖాళీ. అక్క ప్రతిని వాటి మీద టైపు కొట్టేశాడు. వెనకా ముందూ చూడకుండా చేసిన పని అంటే ఇదే.

ముందు భార్య తేల్చింది, నాలుగు రోజుల్లో.

"ఏవండీ, ఈయన ముప్ఫయ్యో పేజీలో తిన్నాడు. మళ్లీ తినలేదు."

"అన్వేషణలో ఉన్నాడు."

"దేని కోసం, తిండి కోసమా? సరే, పెళ్లాముందా?"

"ఉంది. కింద వదిలేసి ఎక్కాడు."

"అయితే ఆవిడ నవల ఉంటే ఇవ్వండి, చదువుతాను."

మెకానిక్ అరవై పేజీలు చదివి, ప్రతిని రెండు చేతులతో మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"గురువుగారూ, లిఫ్టులో మనం ఏం రాస్తాం? ఎనిమిది మంది లేదా అయిదు వందల నలభై నాలుగు కిలోలు అని రాస్తాం కదా."

"అవును."

"మీ మొదటి వాక్యంలోకి పద్దెనిమిది మంది ఎక్కారండి. తలుపే మూసుకోవట్లేదు, ఇంకేం కదుల్తుంది?"

ఆయన రెండు అభిప్రాయాల్నీ శ్రద్ధగా నోటు పుస్తకంలో రాసుకున్నాడు. కింద గీత గీసి, ‘పాఠకులు ఇంకా సిద్ధంగా లేరు’ అని తేల్చాడు.

మూడో ఆదివారం అక్క కబురంపింది. వెళ్లేసరికి బల్ల మీద నవల కట్ట, పక్కన ఎర్ర కలం, కళ్లద్దాలు. ప్రతి పేజీ మూలా ఎర్ర అంకె ఉంది.

"డెబ్బై ఒకటి," అంది అక్క.

"వెయ్యికా?"

"వందకి. ఏడుపు మొహం పెట్టకు, కూర్చో."

ఆయన కూర్చున్నాడు. కుర్చీ ఉందో లేదో చూసుకోలేదు. అదృష్టం బాగుండి ఉంది.

"ఒరేయ్, నీలో ఇంత ఉందని నేననుకోలేదు," అంది అక్క. "ఒకవైపు వాడు కొండెక్కుతుంటాడు. కాగితం తిప్పితే జనం మెట్లెక్కుతుంటారు. వాడికి ఆలోచన ఎక్కువ, వీళ్లకి ఆయాసం ఎక్కువ. నాలుగొందల పేజీలూ తూకం తప్పకుండా లాక్కొచ్చావు. ఎవరు నేర్పార్రా నీకు?"

జనం ఎవరో ఆయనకి అర్థం కాలేదు. మంచి పాఠకులకి రచయితకి కనిపించనివి కూడా కనిపిస్తాయని ఎక్కడో చదివాడు. అదే అయి ఉంటుందనుకుని వినయంగా తలూపాడు.

"పాత్రలు మాత్రం ఎక్కువయ్యాయి. రెండో అంతస్తు పళ్ల డాక్టరు అనవసరం. కదిలే పన్నులా ఒకే మాట మూడుసార్లు ఊగిస్తాడు. వాణ్ణి పీకెయ్. ఆ నాలుగో అంతస్తు ఆవిడ ఉంది చూడు, ఆవిణ్ణి మాత్రం ముట్టుకోకు. నాకు నిద్ర పట్టలేదురా ఆవిడ గురించి."

"నాలుగో అంతస్తు..."

"ఇదిగో." అక్క ఒక కాగితం తీసి తిప్పి చూపించింది. పైన లిఫ్టు కంపెనీ పేరు, కింద గుండ్రటి చేతిరాత, ఆ రాత మీద గుండ్రటి ముద్ర. ముద్ర పక్కన ఆయన సంతకమే.

అక్క ప్రతిని దేని మీద కొట్టాడో లిఫ్టాయనకి అప్పుడు గుర్తొచ్చింది.

చెప్పేద్దామని నోరు తెరిచాడు. అప్పుడే అక్క కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అంది. "చిన్నప్పుడు నీకు అన్యాయం చేశానురా. నలభై ఏళ్ల నుంచి ముల్లులా గుచ్చుతోంది. ఇవాళ పోయింది."

తెరిచిన నోరు మూసుకుంది. డెబ్బై ఒకటంటే ఫస్టు క్లాసు. నిజం చెబితే అదీ పోతుంది, అక్క ముల్లూ మళ్లీ గుచ్చుకుంటుంది. అబద్ధంలో కూడా అక్క మేలే కనిపించింది ఆయనకి. మనిషి బుద్ధి అంత దొడ్డది.

"మరి కొండ మీదవాడు?" అని మాత్రం అడిగాడు.

"వాడా? వాడికి నేను వేసింది నాలుగు. అదీ చేతిరాత కాదు, అచ్చు గనక. మిగతా అరవై ఏడూ ఆవిడా, ఆ జనమూ తెచ్చుకున్నవే. కానీ మూడో అంతస్తు ఆయనతో చివరికేమైందో రాయకుండా వదిలేశావు. అది రాసుకురా, ఎనభై ఇస్తాను."

కట్ట ఇంటికి తెచ్చుకుని, జీవితంలో మొదటిసారి ఆయన ఆ కాగితాల వెనకవైపు చదివాడు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయన పద్ధతి ఒకటే. పైన భవనం నంబరు చూస్తాడు, ముద్ర కొడతాడు. ఫారంలో ‘ఫిర్యాదును వివరంగా రాయండి’ అని కంపెనీయే అచ్చేసింది. ఎవరైనా నిజంగా వివరంగా రాస్తారని కంపెనీ అనుకోలేదు. నాలుగో అంతస్తు ఆవిడ రాసింది. మొత్తం పంతొమ్మిది ఫారాలు.

మొదటిది: ‘నాలుగో అంతస్తు బటను నొక్కితే లిఫ్టు మూడుకీ నాలుగుకీ మధ్య ఆగుతోంది. అక్కడ ఎవరూ కాపురం ఉండడం లేదు కనక ఆపనవసరం లేదని మనవి.’

ఆరోది: ‘ఈ రోజు లిఫ్టులో నలభై నిమిషాలు ఇరుక్కున్నాను. నాతోపాటు మూడో అంతస్తు ఆయన ఉన్నారు. నా పూలకుండీల నీళ్లు ఆయన బట్టల మీద కారాయని పదకొండేళ్లుగా మాకు మాటల్లేవు. మొదటి ముప్ఫై ఎనిమిది నిమిషాలు ఇద్దరం తలుపు చూశాం. తర్వాత ఆయన, ఉక్కగా ఉంది కదూ అన్నారు. అవునన్నాను. ఇంతలో మీ మెకానిక్ వచ్చి తలుపు తెరిచాడు. ఇంకో పది నిమిషాలు ఆలస్యంగా వస్తే అతని సొమ్మేం పోయేది కాదు. దీన్ని కూడా ఫిర్యాదు కింద రాసుకోండి.’

పదమూడోది: ‘గురువారం సాయంత్రం ఆరు తర్వాత మరమ్మతు చేయవద్దని ప్రార్థన.’

పంతొమ్మిదోది, ఆఖరిది: ‘లిఫ్టు పూర్తిగా బాగయింది. ఎక్కడా ఆగడం లేదు. అదే నా ఫిర్యాదు.’

ఆ మాట మీద కూడా ముద్ర పడింది. సరిగ్గా ‘నా’ మీద.

ఎనభై మార్కుల కోసం లిఫ్టాయన ముగింపు తనే రాయబోయాడు. మూడుసార్లు రాశాడు. మూడుసార్లూ మూడో అంతస్తు ఆయన నాలుగో పేరాకల్లా ఏదో ఆలోచిస్తూ కొండ వైపు నడిచాడు.

"ఈయన కూడా ఎక్కేశాడా?" అంది భార్య భుజం మీంచి చూసి. "మీ చేతిలో పడ్డవాళ్లెవరూ ఇంట్లో ఉండరేం?"

ఇక అడిగి తెలుసుకోవడమొక్కటే దారి. ఆఫీసు రిజిస్టరులో భవనం చిరునామా దొరికింది. ఆ వరుస చివర ఏడేళ్ల కిందటి తేదీతో, ‘ఫిర్యాదుదారు నుంచి ఫారములు ఆగినవి. మూసివేయడమైనది’ అని ఉంది. చేతిరాత తనదే.

మర్నాడు సెలవు పెట్టి వెళ్లాడు. లిఫ్టు ఎక్కడా ఆగకుండా నాలుగో అంతస్తుకి చేర్చింది. తలుపు తీసినావిడకి డెబ్బై దాటి ఉంటాయి. మెడలో దారానికి కళ్లద్దాలు వేలాడుతున్నాయి.

"లిఫ్టు కంపెనీ నుంచి వచ్చానండీ."

ఆవిడ ఆయన ఖాళీ చేతుల వైపు చూసింది. "పనిముట్లేవి?"

"బాగుచెయ్యడానికి కాదండీ. మీ ఫారాలు చదివాను."

"ఎప్పుడు?"

"పోయిన వారం."

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని ఆయన్ని చూసింది. "తొందరపడ్డారే," అంది. "లోపలికి రండి."

కూర్చోబెట్టి, అలమారలోంచి బిస్కెట్ల డబ్బా తెచ్చి మూత తీసింది. బిస్కెట్లు లేవు. కార్డులున్నాయి. మొదటి ఫారం నుంచి ఆఖరిదాకా వచ్చిన జవాబులు, వరసలో.

"ఈ సంతకం మీదేనా?"

"నాదేనండీ."

"అయితే మీరు రాసినవన్నీ నేను చదివాను బాబూ. పంతొమ్మిదీ." ఆవిడ మొదటి కార్డూ చివరి కార్డూ పక్కపక్కన పెట్టింది. "మొదటిదానికీ దీనికీ రచయిత ఏం ఎదగలేదు."

తొమ్మిదేళ్లు రాసినా రాని విమర్శ అది. లిఫ్టాయనకి ఏడవాలో కృతజ్ఞతలు చెప్పాలో తెలియక జరిగిందంతా చెప్పేశాడు. నవల, కాగితాలు, అక్క, డెబ్బై ఒకటి, అన్నీ చెప్పి, చివర్లో నీళ్లు నములుతూ అడిగాడు. "మరి... ఆ మూడో అంతస్తు ఆయన?"

లోపలి గదిలోంచి మగ గొంతు వినిపించింది. "ఎవరూ?"

"మీ గురించి అడుగుతున్నారు!"

"లేనని చెప్పు!"

"విన్నారుగా," అంది ఆవిడ. "అదీ జరిగింది."

ఆఖరి ఫారం పంపిన మర్నాడు ఆయన మెట్లెక్కి వచ్చి తలుపు కొట్టాడట. లిఫ్టు బాగైపోయింది, ఇక మనం ఎక్కడ మాట్లాడుకోవాలి అన్నాడట. కూర్చోండి అని ఈవిడ కుర్చీ చూపించిందట. ఆ కుర్చీ ఖాళీ చేసి ఇంకా వెళ్లలేదు.

"మళ్లీ ఎప్పుడూ రాయలేదేమండీ?"

"ఇప్పుడు నా ఫిర్యాదులన్నీ ఆయన మీదే. మీ కంపెనీ తీసుకోదు."

లేవబోతుంటే ఆవిడ ఆపింది. "నా ఫారాలు అచ్చులో వేసుకో బాబూ, కానీ నేను రాసినవని చెప్పి వేసుకో. నీ కింద కలుపుకోకు. నీది నువ్వు రాసుకో."

"నా దగ్గరేముందండీ?"

ఆవిడ డబ్బా మూత పెట్టింది. "పంతొమ్మిది ఉత్తరాల్ని చదవకుండా ముద్ర కొట్టిన మనిషి ఒకడున్నాడు కదా. వాడి గురించైతే నేను చదువుతాను."

అక్కడి నుంచి ఆయన తిన్నగా అక్క ఇంటికి వెళ్లాడు. ఇంటికెళ్తే ధైర్యం దిగిపోతుందని భయం. నిలబడే చెప్పాడు. అక్క మొత్తం విని, ఆయన ఇంటి నుంచి నవల కట్ట తెప్పించి, ఎర్ర కలం తీసి డెబ్బై ఒకటి కొట్టేసింది. పక్కన నాలుగు వేసింది.

"ఇది నీది."

"తెలుసక్కా."

"కాపీ కొట్టి దొరికితే ఏం చేస్తాం?"

"బయటికి పంపుతాం." ఆయన చెప్పులు వెతుక్కోబోయాడు.

"ఆగు. దొరకలేదుగా, నీ అంతట నువ్వొచ్చి చెప్పావు. దానికి నా సర్వీసులో రూలు లేదు." అక్క కలానికి మూత పెట్టింది. "మళ్లీ రాసుకురా."

"మరి నీ ముల్లు?"

"ఎక్కడుందో అక్కడే ఉంది. పో."

మళ్లీ రాయడానికి ఎనిమిది నెలలు పట్టింది. నూట నలభై పేజీలు. అందులో కొండ లేదు. ఒక గుమాస్తా ఉన్నాడు, ముద్ర ఉంది, నాలుగో అంతస్తు ఆవిడ ఫారాలు ఆవిడ రాసినవిగానే, ఆవిడ అనుమతితోనే ఉన్నాయి. నాలుగు వందల పన్నెండు పేజీల్లోంచి మిగిలింది ఒకే వాక్యం: ‘అతను కొన్నాళ్లు ఒక కొండ గురించి రాయాలనుకున్నాడు.’ ఆరు గజాల చీరని జేబురుమాలు చేసినట్టు అనిపించింది గాని, తుడుచుకోవడానికి జేబురుమాలే నయం.

ఈ మధ్యలో ఆఫీసులో ఆయన ఫారాలు చదివి ముద్ర కొట్టడం మొదలుపెట్టాడు. రోజుకి నలభై అయ్యే పని పదకొండుకి పడింది. పైఅధికారి కారణం అడిగితే, "చదువుతున్నానండీ" అన్నాడు. ఆయన్ని ఆరోగ్య పరీక్షకి పంపారు.

భార్య రెండు రోజుల్లో చదివేసింది. "ఈయన తింటున్నాడు. ఫరవాలేదు."

మెకానిక్ చివరిదాకా చదివాడు. "కదిలిందండి గురువుగారూ. రెండో అధ్యాయం దగ్గర కాస్త కుదుపుంది, తాడుకి నూనె పెట్టండి."

నాలుగో అంతస్తు ఆవిడ దగ్గర్నుంచి పోస్టులో ఒక కార్డొచ్చింది. ఆయన పంపిన పంతొమ్మిదింట్లో ఒకటి. ‘మీ ఫిర్యాదు పరిష్కరించబడినది’ అన్న అచ్చు అలాగే ఉంది. ఆయన సంతకం కొట్టేసి ఉంది. కింద ఆవిడ సంతకం.

ఇక మిగిలింది అక్క. ఈసారి తెల్ల కాగితాల మీద, రెండోవైపు ఏమీ లేకుండా, ఒకటికి రెండుసార్లు చూసుకుని ఇచ్చాడు. రెండు వారాలకి కబురొచ్చింది. వెళ్లేసరికి కట్ట బల్ల మీద సిద్ధంగా ఉంది. అక్క దాన్ని ఆయన వైపు తోసింది. ఆయన ఆఖరి పేజీ తీశాడు.

కింద, గుండ్రంగా సున్నా చుట్టి, ముప్ఫై నాలుగు.

ఆయన ఆ అంకెని గుర్తుపట్టాడు. పాత చుట్టం. మొహం ఏమీ మారలేదు.

"ఒక్క మార్కక్కా," అన్నాడు.

"ఊఁ."

"కలిపితే..."

"లెక్క తప్పుతుంది. నేను కలపను. నీకు తెలుసు."

తెలుసు. అటక మీద చోటు లేదన్న సంగతి కూడా తెలుసు. పాత సామాన్లు కొన్ని పక్కకి జరిపితే నూట నలభై పేజీలు పట్టొచ్చు, ముందుదానికంటే సన్నం గనక. కాగితాలు సర్ది, సంచిలో పెట్టుకుని, చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్లాడు.

"ఒరేయ్," అంది అక్క వెనకనుంచి. "ఇంత పుస్తకం రాశావు కదా, చదవకుండా ముద్ర కొట్టడం తప్పని."

"రాశాను."

"నేను దిద్దిన కాగితం మాత్రం తిప్పవా?"

ఆయన సంచి కింద పెట్టాడు. కట్ట తీశాడు. ఆఖరి కాగితం తిప్పాడు.

తెల్లటి కాగితం మధ్యలో, ఎర్ర సిరాతో, ఒకటి ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో, ‘గుమాస్తా మొదటిసారి వెనకవైపు చదివిన చోట’ అని ఉంది.

ఆయన తలెత్తి చూశాడు. అక్క ఆయన వైపు చూడటం లేదు. గోడ మీది క్యాలెండరు కాగితాన్ని ఎత్తి పట్టుకుని, దాని వెనకేముందో చూస్తోంది.